మొగిలివాగు నడిమి రేవు

1982 జనవరి 9

వాగు పని మొదలైంది. నిన్న మా గైడ్ సారంగపాణి గారు తేల్చి చెప్పేశారు. "సోమారం మీ ఊరే కదమ్మా. మొగిలివాగు నువ్వే తీసుకో. వాగు ఆరోగ్యంగా ఉందా లేదా, ఏడాది పొడుగునా చూడు. చివరికి ఒక్క ముక్కలో చెప్పగలిగితే అదే థీసిస్" అన్నారు.

మూడు చోట్లు ఎంచుకున్నాను. గుట్ట కింద రాళ్ల మధ్య పై రేవు. మా వాడ పక్కన, తోళ్ల సొసైటీ దాటాక నడిమి రేవు. పూరేడుగూడెం ముందర, ఇసుకలో కింది రేవు. ఈరోజు పై రేవులో దిగాను. వల దిగువన పెట్టి, ఎగువన నిలబడి రాళ్లను కాలితో కదిపితే వాటికి అంటుకున్నవన్నీ కొట్టుకొచ్చి వలలో పడతాయి. ఎనామిల్ పళ్లెంలో బోర్లించాను. మూడు తోకల పురుగు పిల్లలు, ఇసుక రేణువులతో గూడు కట్టుకున్నవి, తూనీగ పిల్లలు. పళ్లెమంతా కదిలింది.

బాపు ప్రార్థన కూటానికి పోతూ గట్టు మీద ఆగాడు.

"సువార్తా, నీళ్లు మంచియా కాదా అని సూడాలంటే సీసల వట్టుకపోయి సూస్తె అయిపాయె. పురుగులతోని ఏం పని బిడ్డా?"

"సీసాల నీళ్లు ఆ నిమిషం సంగతే చెప్తయి బాపూ. రేపటికి ఆ నీళ్లు పోయి వేరే నీళ్లొస్తయి. ఈ పురుగులు యాడికీ పోలేవు. ఏడాదంతా ఈ రాయి కిందనే ఉంటయి. ఇవి బతికి ఉన్నయంటే ఏడాదంతా నీళ్లు మంచిగున్నట్టు."

బాపు కాసేపు పళ్లెంలోకి చూశాడు. "అంటే ఇవి సాక్షులన్నట్టు" అన్నాడు. పాస్టరు కదా, ఆయనకు అన్నీ అట్లాగే కనిపిస్తాయి.

జనవరి 23

నడిమి రేవు. ఎర్ర పురుగులు తప్ప మరేమీ లేవు. బర్రెలు దిగి తొక్కినట్టున్నాయి. మళ్లీ తీయాలి.

జనవరి 24

మళ్లీ తీశాను. ఎర్ర పురుగులే. కుళ్లిన నీళ్లలో బతికేవి అవే. వల ఎక్కడైనా చిరిగిందేమో చూసుకోవాలి.

ఫిబ్రవరి 6

వల చిరగలేదు.

ఫిబ్రవరి 14

ఈరోజు అన్న ఇంట్లో భోజనం. కృపమ్మ వదిన కోడిగుడ్ల పులుసు చేసింది. ఏలియా అన్న సొసైటీ గురించి మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు మధ్యలో మాట్లాడటానికి ఉండదు. ఈసారి మద్రాసు వాళ్లు తోళ్లు చూసి, హైదరాబాదు సరుకు కంటే బాగుందన్నారట.

ఆ సొసైటీ కోసం అన్న ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడో నాకు తెలుసు. ఊరి దొర కిషన్ రావు వాళ్ల కొట్టంలో గొడ్డు చస్తే మా తాత ఈడ్చుకొచ్చేవాడు. తోలు తీసి, తంగేడు చెక్క నీళ్లలో ఊనబెట్టి, వాళ్లకే చెప్పులు, మోట బొక్కెనలు కుట్టిచ్చేవాడు. ఏడాదికి ఒకసారి కల్లం ఊడ్చిన గింజలు పోసేవాళ్లు. ఇప్పుడు అదే పని చేసి మా వాడలో నెల జీతం తీసుకుంటున్నారు. కిషన్ రావు పొలంలోకి మా వాడ నుంచి కూలికి పోయేవాళ్లే లేరు.

"నీ వాగు సదువు యాడిదాక వచ్చింది?" అన్నాడు అన్న.

"నడుస్తాంది."

"మా కాడ ఏం దొరికినయ్?"

"ఇంకా సరింగ తీయలె" అన్నాను.

అన్న కుడిచేతి వేళ్లకు గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. కత్తి కోసుకుందట. ఎడమ చేత్తో తిన్నాడు.

ఫిబ్రవరి 27

కింది రేవు. అక్కడ పూలవ్వ, ఆమె మొగుడు కట్టయ్య ఉంటారు. చేపలు పట్టుకుని బతుకుతారు. పూరేడుగూడెంలో బావి లేదు, ఎండాకాలం అంతా వాగు ఇసుకలో చెలిమె గుంట తోడుకుని అందులో ఊరిన నీళ్లే తాగుతారు. నేను పోయేసరికి పూలవ్వ చెలిమె దగ్గర కూచుని చిప్పతో నీళ్లు ముంచుతోంది.

"బిడ్డా, నిరుడు సంక్రాంతి పోయినంక కూడ ఈ నీళ్లు కొబ్బరినీళ్ల తీర్గుండె. ఇప్పుడు జూడు, ముంతల వోసి పెడ్తె పచ్చటి తెట్టు గడ్తాంది. నీ పురుగులేమంటానయ్?"

"ఇంకా చూస్తన్ననవ్వా."

"జర జల్ది సూడు బిడ్డా. మేం దినాం తాగుతానం."

ఇక్కడ కూడా ఎర్ర పురుగులే. అయితే ఇసుక చోట్లో మామూలుగానే పురుగులు తక్కువ. రాళ్లు లేకపోతే అవి దేన్ని పట్టుకుని ఉంటాయి?

మార్చి 13

సారంగపాణి గారు లెక్కలు అడిగారు. పై రేవువి చూపించాను. మిగతావి ఇంకా సరిపోల్చుకోవాలన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

మార్చి 27

నడిమి రేవు. అదే.

ఏప్రిల్ 11, ఈస్టర్

బాప్తిస్మాలు జరిగాయి. ముప్పై ఏళ్లుగా బాపు నడిమి రేవులోనే ఇస్తాడు. అక్కడ గట్టు ఏటవాలుగా ఉంటుంది, నీళ్లు నడుము లోతు నిలుస్తాయి.

మొన్న శుక్రవారం ఆరాధన అయ్యాక బాపుతో అన్నాను, ఈసారి పై రేవుకు పోదామని. ఎందుకన్నాడు. అక్కడ లోతు బాగుంటుందన్నాను. "ముసలోళ్లు ఆ రాళ్లెట్ల ఎక్కుతరు బిడ్డా" అన్నాడు. నిజమే కదా. మళ్లీ అడగలేదు.

సోమక్క చిన్నమ్మ ఈ ఏడు ఒప్పుకుంది. ఇన్నేళ్లు బతిమాలితే ఇప్పటికి ఒప్పుకుంది. బాపు ఆమె వీపు కింద చెయ్యి పెట్టి నీళ్లలో ముంచి లేపాడు. లేచాక ఏడుస్తూ నవ్వింది. అందరూ పాడారు. నేనూ పాడాను. నీళ్లు సొసైటీలో తోళ్లు నానబెట్టే సున్నం వాసన వేశాయి.

ఏప్రిల్ 19

బాపు కాళ్ల మీద ఎర్రటి దద్దుర్లు. సోమక్క చిన్నమ్మకు చేతుల మీద, మెడ మీద. వేసవి పొక్కులంటున్నాడు బాపు. ఈసారి ఎండలు ముందే ముదిరాయి. వేసవి పొక్కులే అయి ఉంటాయి.

ఏప్రిల్ 20

వేసవి పొక్కులు సరిగ్గా నీళ్లు తగిలిన నడుము దగ్గర గీత గీసినట్టు ఆగవు.

మే 8

పైనుంచి వచ్చే పాయ దాదాపు ఎండిపోయింది. నడిమి రేవులో పారుతున్నది సొసైటీ నీళ్లే.

అన్నకు మధ్యాహ్నం సద్ది తీసుకుని నేనే పోయాను. వదినకు ఒంట్లో బాగోలేదు. అన్న క్రోము తొట్టి దగ్గర ఉన్నాడు. తోలును కుళ్లకుండా చేసే మందది. నారింజ రంగు పొడి, నీళ్లలో కలుపుతారు. కలిపేది అన్నే. పాళ్లు తప్పితే తోళ్లు పాడైపోతాయని ఆ పని ఇంకెవరికీ ఇవ్వడు.

గుడ్డ విప్పి చేతులు కడుక్కుంటుంటే చూశాను. కత్తి గాయం కాదు. వేళ్ల కణుపుల మీద గుండ్రంగా, మేకు దిగగొట్టి తీసినట్టు గుంటలు. అంచులు గట్టిపడి ఉన్నాయి. కొన్ని పాతవి, కొన్ని పచ్చివి. చూస్తుండగానే ముక్కులోంచి రక్తం కారితే పక్కనున్న గోనెసంచికి తుడిచేసుకున్నాడు, అలవాటైన పనిలాగా.

"అన్నా, ఏంది గిది?"

"పని చేసేటోని చేతులు. నువ్వు సద్ది ఆడ పెట్టు."

"దవాఖానకు పోదాం దా."

"పోతే ఏమంటరు? పని బంద్ జెయ్యమంటరు." సద్ది గిన్నె మూత తీసి కూర్చున్నాడు. "తాత కాళ్లు యాదికున్నయా నీకు? సున్నం తిని ఎముకలు కనవడేటియి. గప్పుడు ఎవలన్న వచ్చి సూసిన్రా? నీళ్లల్ల పురుగులు సచ్చినయని అప్పుడెవలన్న లెక్క వెట్టిన్రా చెల్లే?"

నేను పురుగుల మాట ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు.

జూన్ 13

తొలి వాన. సొసైటీ మురుగు గుంతలు నిండి పొర్లాయి. పొద్దున వాగు పొడుగునా చేపలు వెల్లకిలా తేలాయి. జెల్లలు, పరకలు, చీరలు ఎండబెట్టే రాళ్ల మీద కూడా. పూలవ్వ గట్టు మీద నిలబడి చూస్తోంది. కట్టయ్య వల భుజాన వేసుకునే వచ్చాడు, దింపలేదు.

"ఏరుకపోయి అమ్ముకొమ్మంటాన్రు కొందరు," అన్నాడు కట్టయ్య. "గివి తిని ఎవలన్న సస్తె ఆ పాపం నాకెందుకు?"

ఇద్దరూ గొయ్యి తీసి పాతిపెట్టారు. నేనూ పార పట్టాను.

జూన్ 20

కిషన్ రావు గారు హనుమకొండలో నా గదికి వచ్చారు. జీపు వీధి చివర ఆపి నడిచి వచ్చారు. ఇంటామె కుర్చీ తుడిచి వేసింది.

"సువార్తమ్మా, సదువుకున్నదానివి. వాగు పరిస్థితి నీకన్న ఎక్కువ ఎవలకు ఎరుక? నువ్వు లెక్కలు రాసియ్యి. కలెక్టరు కాడికి నేను వట్టుకపోత. నీ పేరు బయటికి రాకుండ సూస్కుంట."

ఆయన నాన్న ఎదుట మా తాత చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాడు. ఇప్పుడు ఈయన నన్ను అమ్మా అన్నాడు.

"పరీక్షలు పూర్తి కాలేదండీ."

"చేపలు సచ్చినంక కూడ ఇంకేం పరీక్ష?"

ఆయన లేచి, పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి అన్నాడు: "నాట్లు మొదలైతానయ్. మనుషులు దొరుకుత లేరు." అసలు మాట అది. వాగు కోసం రాలేదు ఆయన.

జూలై 4

ఒకటి తట్టింది. కిషన్ రావు పొలాల మురుగు కాల్వ సొసైటీకి కొంచెం పైనే వాగులో కలుస్తుంది. పత్తికి ఆయన కొట్టించే మందులు తక్కువేమీ కాదు. ఇన్నాళ్లూ నేను ఆ వైపే చూడలేదు. తప్పంతా అక్కడే ఉండొచ్చు. రేపే పోయి తీస్తాను.

జూలై 5

కాల్వలో మూడు తోకల పిల్లలు. గూడు పురుగులు. తూనీగ పిల్లలు. పళ్లెం నిండా.

గట్టు మీద కూర్చుని చాలాసేపు వాటిని చూశాను. బతికున్నందుకు వాటి మీద నాకు అంత కోపం వచ్చింది. రేపు పత్తికి మందు కొట్టినప్పుడు ఇవీ చావవచ్చు. కానీ ఈరోజు బతికే ఉన్నాయి. ఇవి దొర పొలంలోవైనా అబద్ధమాడవు.

జూలై 6

నడిమి రేవు చచ్చిపోయింది. కింది రేవు చావబోతోంది. కారణం సొసైటీ నీళ్లు. జనవరి నుంచి నాకు తెలుసు.

జూలై 25

పూరేడుగూడెం పోయాను. చెలిమె పూడిపోయి ఉంది. పూలవ్వ కిషన్ రావు మడిలో నాటు వేస్తోంది. ఎన్నడూ కూలికి పోని మనిషి. గట్టు మీదికి రమ్మంటే రాలేదు, నేనే మడిలోకి దిగాను.

"అవ్వా, కూలికొచ్చినవేంది?"

"కూలి గాదు బిడ్డా, నీళ్లకు." వంగినది వంగినట్టే మాట్లాడింది. "తాగుదామంటె దొర బాయి తప్ప ఇంకేడున్నయ్? దినాం రెండు కుండలు దెచ్చుకొమ్మన్నడు. అందుకు అరెకరం నాటేసి పొమ్మన్నడు. గూడెం ఆడోళ్లందరం వస్తానం."

"మరి పైసలు?"

"నీళ్లియ్యంగ పైసలెట్ల అడుగుతం?"

మా తాతను విడిపించిన సొసైటీ పూలవ్వను తీసుకుపోయి అదే మనిషి మడిలో నిలబెట్టింది. నేను నోరు మూసుకుంటే మావాళ్లకు మేలని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. మేలు ఎవరికి జరుగుతోందో మడిలో నిలబడి చూశాను.

కలెక్టరుకు కాదు. కిషన్ రావుకు అసలే కాదు. ముందు మావాళ్లకు చెప్పాలి.

ఆగస్టు 22, ఆదివారం

ఆరాధన అయ్యాక బాపును అడిగి అందరినీ కూర్చోమన్నాను. పొద్దున్నే తీసిన రెండు పళ్లేలు బల్ల మీద పెట్టాను. ఒకటి పై రేవుది, ఒకటి నడిమి రేవుది. వరసగా వచ్చి చూడమన్నాను. పిల్లలు మూడు తోకల వాటిని చూసి నవ్వారు. రెండో పళ్లెం దగ్గర నవ్వలేదు. ఎర్ర పురుగులు ముద్దగా మెలికలు తిరుగుతున్నాయి.

చెప్పాను. క్రోము సంగతి, సున్నం సంగతి, చేపల సంగతి. పూలవ్వ మడిలో ఉన్న సంగతి. నీళ్లు నిలవడానికి వేరే గుంతలు తవ్వాలని, క్రోము మానేసి మన తాతల్లాగా తంగేడు చెక్కతో ఊనబెట్టుకోవచ్చని చెప్పాను.

సోమక్క చిన్నమ్మ లేచింది. "గూడెపోళ్ల మీద ఉన్న ప్రేమ మన మీద లేదా నీకు? మా పొట్టల మీద కొట్టుటానికా బాపు నిన్ను సదివిచ్చింది?"

"చిన్నమ్మా, నీ మెడ మీద మచ్చలు ఇంకా పోలే."

"మచ్చలుంటె ఉండనియ్. మచ్చల్తోని ఎవలు సావలే. ఆకలితోని సచ్చిన్రు, నాకెరుకే."

అన్న గోడకు ఆనుకుని నిలబడి నన్నే చూశాడు. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి, రెండో పళ్లెం ఎత్తుకుపోయి వాకిట్లో ఒలకబోసి, ఖాళీ పళ్లెం గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు.

బాపు చివరికి లేచాడు. ప్రార్థన చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. "ఆ నీళ్లల్ల మిమ్ముల ముంచింది నేనే" అన్నాడు. "తెల్వక ముంచిన. ఇగ ముంచను." అంతే అని కూర్చున్నాడు.

నేను ముందే చెప్పి ఉంటే ఈస్టర్ నాడు కూడా ముంచేవాడు కాదు. ఆ మాట ఎవరూ అనలేదు.

ఆగస్టు 29

వాడలో నాకు ఎవరూ మంచినీళ్లు ఇవ్వలేదు. వదిన కూడా తలుపు దగ్గరికి వేసింది.

సెప్టెంబర్ 11

అన్న వచ్చాడు. హనుమకొండ గదికి, చెప్పకుండా. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని. "ఆగుత లేదు చెల్లే" అన్నాడు.

దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు లైటు పెట్టి ముక్కులో చూశాడు. నన్ను పిలిచి చూడమన్నాడు. ఒక ముక్కు రంధ్రంలో వెలుగు పెడితే రెండో దాంట్లోంచి కనిపిస్తోంది. మధ్య గోడకు చిల్లు పడింది. చేతులు చూసి ఏం పనని అడిగాడు. అన్న చెప్పాడు.

"ఆ మందు ముట్టుకోవద్దు. ఇది మళ్లీ పూడదు. ఇంకా పెద్దది కాకుండా చూసుకోవడమే."

బస్సులో మడికొండ దాటాక అన్నాడు: "నాకింద ముగ్గురు పోరగాండ్లు మందు తొట్ల కాడ పని చేస్తాన్రు. ఆళ్లకు కూడ కారుతాంది. జలుబని చెప్పిన."

అక్టోబర్ 3

అన్న సొసైటీలో మీటింగు పెట్టాడు. నన్ను రానివ్వలేదు, జరిగింది వదిన చెప్పింది. క్రోము బంద్ చేద్దామన్నాడట. తంగేడు చెక్కతో అయితే తోలుకు నెలలు పడుతుంది, మద్రాసు వాళ్లు కొనరని సగం మంది లేచిపోయారు. అన్న తన చేతులు, ముక్కు చూపించాడట. మిగిలినవాళ్లు సరేనన్నారు. ఒక ఏడు కష్టపడదామనుకున్నారు. సోమక్క చిన్నమ్మ కూడా సరేనన్నదట.

వదిన చాలాసేపు నిలబడి చెప్పింది. పోయేముందు "లోపటికి రా, చాయ్ తాగుదువు" అన్నది.

అక్టోబర్ 17

గుంతలు తవ్వుతున్నారు. వాగుకు దూరంగా, చర్చి వెనక పడావు పడ్డ బీడు భూమిలో. బాపు కూడా పార పట్టుకున్నాడు. కట్టయ్య పూరేడుగూడెం నుంచి వచ్చాడు, పనిలో దిగాడు, వెంట మరో ఇద్దరిని తెచ్చాడు. మధ్యాహ్నం వాళ్లు వేరే చెట్టు కింద కూర్చుని తమ సద్ది తాము తిన్నారు. కానీ వచ్చారు.

ఈ ఏడాదిలో ఇట్లాంటి రోజు ఇదొక్కటే.

నవంబర్ 8

కిషన్ రావు నా కోసం ఆగలేదు. హైదరాబాదు నుంచి ఆఫీసర్లు వచ్చారు. ఆయన పెట్టిన అర్జీ మీద. యూనివర్సిటీకి వచ్చి సారంగపాణి గారిని నా లెక్కలు అడిగారు.

ఆయన నన్ను పిలిచి, "ఇవ్వాలా వద్దా, నువ్వే చెప్పమ్మా" అన్నారు.

ఇచ్చాను. దాయలేదు. తోడుగా నేను ఇంకో నాలుగు పేజీలు రాశాను. గుంతలు సగం తవ్వారు, మందు మానేస్తామని తీర్మానం చేశారు, ఆరు నెలలు గడువు ఇస్తే, కొంత సాయం చేస్తే ఎవరి పొట్టా కొట్టకుండా వాగు బతుకుతుంది. వాళ్ల ముందే చదివి వినిపించాను. పెద్దాఫీసరు మర్యాదగానే విన్నాడు. "మాకు ఒక్క ముక్క చాలమ్మా. వాగు ఆరోగ్యంగా ఉందా, లేదా?"

"లేదు."

"థాంక్స్."

నవంబర్ 19

సొసైటీకి సీలు వేశారు. తంగేడు చెక్క బస్తాలు లోపలే ఉండిపోయాయి. గుంతలు సగంలోనే ఉన్నాయి.

నవంబర్ 21

వాడంతా నేనే చేశానంటోంది. కాదని ఎట్లా అనను?

అన్న మాత్రం ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

డిసెంబర్ 25

చర్చిలో సగం బెంచీలు ఖాళీ. కొందరు ఇటుక బట్టీలకు పోయారు. కొందరు కిషన్ రావు పొలానికి. సోమక్క చిన్నమ్మ అక్కడే నీళ్లు కడుతోందట, ఈ వయసులో. అన్న హైదరాబాదులో ఏదో గోదాములో మూటలు మోసే పనికి కుదిరాడు. వదిన, పిల్లలు బాపు దగ్గర ఉన్నారు.

బాపు ప్రసంగం చిన్నగా ముగించాడు.

1983 మార్చి 12

నడిమి రేవు. ఎర్ర పురుగులు తగ్గాయి. వేరేవి ఇంకా లేవు.

జూన్ 30

సారంగపాణి గారు థీసిస్ రాయడం మొదలుపెట్టమంటున్నారు. సొసైటీ మూతపడ్డాక వాగు ఎట్లా కోలుకుంటోందో చూడటం అరుదైన అవకాశమంటున్నారు. ఆయన మాటలో తప్పు లేదు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

సెప్టెంబర్ 18

నడిమి రేవులో ఒకే ఒక్క గూడు పురుగు. వరదకు పైనుంచి కొట్టుకొచ్చి ఉంటుంది. మళ్లీ అదే చోట వదిలేశాను.

డిసెంబర్ 4

చెలిమె నీళ్లు ల్యాబులో రెండుసార్లు పరీక్షించాం. క్రోము కనిపించలేదు. పోయి చెప్పాను. నేను ఇంకా మాట్లాడుతుండగానే పూలవ్వ చిప్ప తెచ్చి ఇసుక తోడటం మొదలుపెట్టింది. గూడెం ఆడవాళ్లు రేపటి నుంచి దొర మడికి పోరట.

దొర పొలంలో వాళ్ల పని ఆగింది. మావాళ్లది మొదలైంది. రెండూ నా పని వల్లే.

1984 జనవరి 15

అన్న వచ్చాడు, సెలవు మీద. ఏడాది దాటింది చూసి. చిక్కిపోయాడు. చేతుల మీద గుంటలు మానాయి, తెల్లటి మచ్చలు మిగిలాయి.

ఈరోజు పొద్దున నేను నడిమి రేవులో ఉన్నాను. గట్టు మీద ఎవరో నిలబడినట్టు అనిపించి చూస్తే అన్న. ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగి వచ్చాడు. అడగకుండానే వల కర్ర పట్టుకున్నాడు. నేను రాళ్లు కదిపాను. పళ్లెంలో బోర్లించాం.

మూడు తోకల పిల్లలు. లెక్క పెట్టలేదు. చాలా ఉన్నాయి. తెల్లటి ఎనామిల్ మీద అటూ ఇటూ పరుగెత్తుతున్నాయి.

అన్న వంగి చూశాడు. ఒకటి ఆయన వేలెక్కింది. వేలు నీళ్లలో ముంచి దాన్ని వదిలేశాడు.

"పురుగులైతె మర్లొచ్చినయ్" అన్నాడు. "మనోళ్లు రాలె."

నేను వల జాడించాను.

"నువ్వు చెప్పింది అబద్ధం గాదు చెల్లే. ఆ పోరగాండ్ల ముక్కులు బచాయించినవ్. గది గూడ నిజమే. కని నాకు కోపం పోలే. ఎవలి మీదనో తెల్వది. నీ మీద అనుకున్న ఇన్ని రోజులు."

"నా మీదనే ఉండనియ్ అన్నా."

"ఊకో."

ఇద్దరం వాగు వెంట కిందికి నడిచాం. పూలవ్వ చెలిమె దగ్గర ఉంది. దప్పికైందన్నాడు అన్న. ఆమె చిప్ప ఎత్తి పట్టి పైనుంచి పోస్తే ఆయన దోసిట్లో పట్టాడు. వాళ్లు మాకు ఎప్పుడూ అట్లాగే, చిప్ప తాకనివ్వకుండా పోస్తారు. పోస్తూ ఆయన చేతుల మచ్చలు చూసి ఆగింది. "ఏమైంది కొడుకా?" అంది. పని చేసిన చేతులన్నాడు. ఆమె మళ్లీ పోసింది, నిండుగా.

తాగి మూతి తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"ముక్కు చెడినకాన్నుంచి నాకు వాసన లేదు, రుచి లేదు. నువ్వు తాగి చెప్పు. ఎట్లున్నయ్?"

తాగాను. చల్లగా, ఇసుక వాసనతో, కొంచెం తియ్యగా ఉన్నాయి.

"మంచిగున్నయ్ అన్నా."

"నిజంగనే?"

"నిజంగనే."

తల ఊపాడు. దోసిలి మళ్లీ పట్టాడు.